తలకిందుల దొరసాని

మంచులో ముందు చప్పుడు వచ్చేది. ఆ తర్వాతే మనిషి.

గల్... గల్... గల్...

ఊట దగ్గర నుంచి, కాఫీ చెట్ల మధ్య నుంచి, ఎత్తు మీదికి. చెట్టు కనపడదు. దారి కనపడదు. తన చెయ్యి తనకే కనపడనంత మంచు. ఆ మంచులో వెండి ఒక్కటే నడిచి వచ్చేది.

సుక్రు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తూ వినేవాడు. చిన్నమ్మి నీళ్లు తెస్తోంది అనుకునేవాడు. లేచి ఎదురు వెళ్లేవాడు కాదు. బిందె దించడానికి చెయ్యి అందించేవాడూ కాదు.

వినేవాడు. అంతే.

ఇప్పుడూ మంచు వస్తుంది.

చప్పుడు రాదు.

*

చిన్నమ్మి మెడలో రూపాయల పేరు ఉండేది. ఎర్ర దారానికి గుచ్చిన పాత వెండి రూపాయలు, అర్ధలు, పావలాలు. వాటి నడుమ ఒక పెద్ద బిళ్ళ. మిగతావన్నీ పిల్లలైతే అది తల్లి.

దాని మీద ఒక లావుపాటి దొరసాని. ఉబ్బిన చెంపలు, తల మీద ముసుగు. వెనక్కి తిప్పితే పక్షి. ఒక ఒంటికి రెండు తలలు. ఒకటి అటు చూస్తుంది, ఒకటి ఇటు చూస్తుంది.

ఏ దేశపు దొరసానో గూడెంలో ఎవరికీ తెలీదు. ఇంగ్లీషు దొరలది కాదని మాత్రం తెలుసు. సుక్రు ముత్తవ్వ గంపెడు పిప్పళ్లు పోసి ఉప్పు బేరగాడి దగ్గర తీసుకుందని చెప్పుకునేవారు. కొత్త కోడలు గడప తొక్కిన రోజే, అత్త బతికుండగానే, అత్త మెడలోంచి కోడలి మెడలోకి. ఆ కోడలి మెడలోంచి ఇంకో కోడలి మెడలోకి. అలా చిన్నమ్మి దాకా.

దానికి కన్నం వేసిన కంసాలి ఆ రోజు తాగి ఉన్నాడో, పరాకుగా ఉన్నాడో. తల మీద వెయ్యాల్సిన కన్నం రొమ్ము కింద వేశాడు. అప్పటి నుంచి దొరసాని తలకిందులుగా వేలాడుతోంది. ఎంతమంది కోడళ్లు మారినా ఆమె మాత్రం నిటారుగా నిలబడలేదు.

గూడెం ఆడవాళ్లు నవ్వితే చిన్నమ్మి ఒప్పుకునేది కాదు.

"తలకిందులు మీకు. నాక్కాదు. నాను తల వొంచి సూత్తే సక్కగానే అవుపడతాది. నా మొగుడు నాకేసి సూడ్డు. దొరసానైనా సూత్తంది, అది సాలదేటి?"

అందరూ నవ్వేవారు. సుక్రు నవ్వేవాడు కాదు. నవ్వే మనిషి కాదు.

ఏదైనా ఆలోచన పట్టుకుంటే ఆమె బొటనవేలు ఆ బిళ్ళ మీదికి పోయేది. దొరసాని చెంపని రుద్దుతూ ఉండేది. రుద్ది, రుద్ది, రుద్ది... ఒక చెంప అరిగి నున్నగా అయిపోయింది.

ఏం ఆలోచించేదో సుక్రు అడగలేదు.

*

పెళ్లినాడు చిన్నమ్మి ఒక్కతే రాలేదు. చంకలో తమ్ముణ్ణి వేసుకుని వచ్చింది. తల్లి పోయిన గుంటడు. ముక్కు కారుతూ, అక్క మెడలోని రూపాయలు చప్పరిస్తూ వచ్చాడు.

సోంబరు.

సుక్రుకి పిల్లలు పుట్టలేదు. వీడే ఉన్నాడు. భుజాల మీద కూర్చోబెట్టుకుని సంతకి తీసుకెళ్లాడు. చోడి అంబలి చల్లార్చి తాగించాడు. విల్లు పట్టడం నేర్పాడు. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే వీపున కట్టుకుని, జోరు వానలో కొండ దిగాడు.

వాడు పెద్దవాడయ్యాడు. కింద గూడెంలో వేరే ఇల్లు కట్టుకున్నాడు. ఒకసారి పోలీసులకి చిక్కితే, సుక్రు కొన్నాళ్లు గడప తొక్కనివ్వలేదు. జీపు కొన్నాడు. పట్నం నుంచి వచ్చినవాళ్లకి కొండలు చూపిస్తాడు. కళ్లద్దాలు పెట్టుకుంటాడు. పండగకి వస్తే సుక్రు కాళ్లకి దండం పెడతాడు.

పెట్టేవాడు.

*

పోయిన వానల్లో చిన్నమ్మి పోయింది. దగ్గు. దగ్గుతోనే కలుపు తీసింది, దగ్గుతోనే నాట్లు వేసింది. ఒక మధ్యాహ్నం పొయ్యి ముందు కూర్చుని ఊదుతూ ఊదుతూ ఒరిగిపోయింది. పొయ్యి అంటుకోలేదు.

గూడెంలో ఒక ఆచారం ఉంది.

ఆడమనిషి పోతే ఆమె మెడలో పేరు తెంపేది మొగుడు కాదు. తోడబుట్టినవాడు. పుట్టింటి చెయ్యే తెంపాలి. ఆ వేళ మొగుడు గోడకేసి తిరిగి కూర్చోవాలి. చూడకూడదు. తోడబుట్టినవాడు నడిమి బిళ్ళని పసుపు గుడ్డలో చుట్టి, ముడేసి, మొగుడి చేతిలో పెడతాడు. మొగుడు దాన్ని ఇంటి దూలానికి కట్టుకుంటాడు.

విప్పకూడదు.

పంటలు ఇంటికి చేరి, పుష్యమాసం వచ్చాక, పోయినవాళ్ల పేరున రాయి నిలబెడతారు. ఆ రోజు ముడి వేసినవాడే ముడి విప్పాలి. బిళ్ళని అందరికీ చూపించాలి. గుంటలో వెయ్యాలి. దాని మీద రాయి.

అప్పుడు పోయిన మనిషికి ఇల్లు దొరుకుతుంది. అప్పటిదాకా తన ఇంటి చుట్టూ తానే తిరుగుతుంది. మంచులో, పొగలో, చూరు కింద.

ఎవరైనా నడుమ ముడి విప్పారా... ఇక ఎన్ని రాళ్లు నిలబెట్టినా ఆమెకి ఇల్లు లేదు.

సుక్రు గోడకేసి తిరిగి కూర్చున్నాడు. వెనక సోంబరు ఏడుపు వినపడింది. పళ్లతో దారం కొరికిన చప్పుడు వినపడింది. రూపాయలు నేల మీద రాలిన చప్పుడు వినపడింది.

చేతిలో ముడి పడింది.

"జాగర్త బావా," అన్నాడు సోంబరు. వాడి కన్నీళ్లు సుక్రు చేతి మీద పడ్డాయి. వేడిగా ఉన్నాయి.

మిగతా రూపాయలు ఆడబిడ్డలూ తోడికోడళ్లూ పంచుకున్నారు. ముడి దూలానికి వేలాడింది. పొగకి నల్లబడింది. సుక్రు రోజూ తలెత్తి చూసేవాడు. ఆమెని చూడనివాడు, ముడిని చూసేవాడు.

*

వలిసెలు పూశాయి. లోయంతా పసుపు. ఆ పసుపులో నిలబడి ఫొటోలు దిగడానికి కార్లు బారులు తీరాయి. వాళ్లందరికీ బొంగులో కాల్చిన కోడి కావాలి. బొంగులు సుక్రు కొట్టి తెచ్చేవాడు. పచ్చివి, కణుపు చెడనివి. రోడ్డు మీద పెద్ద హోటల్‌కి మోసుకెళ్లి వెనక వసారాలో దించేవాడు.

ఆ రోజు వెనక తలుపు మూసి ఉంది. ముందు నుంచి వెళ్లాడు.

బల్ల దగ్గర సుజానా ఉంది. చర్చి గూడెం పిల్ల, ఇంటరు చదివింది. ఆమె వెనక గోడకి కొత్తగా ఒక గాజు పెట్టె. లోపల దీపం. గిరిజనుల వస్తువులట. ఒక విల్లు, ఒక కడియం, ఒక దువ్వెన...

ఒక బిళ్ళ.

సుక్రు దాటిపోయాడు. నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి వచ్చాడు.

దొరసాని నిటారుగా ఉంది. తల పైకి, రొమ్ము కిందికి. అలా ఆమెని ఎప్పుడూ చూడలేదు. ఎవరో అనుకున్నాడు.

నడుం వంచాడు. మెడ తిప్పాడు. ముసలి మెడ, సగమే తిరిగింది. ఇంకొంచెం తిప్పాడు. తలకిందులుగా చూశాడు.

అప్పుడు ఆనవాలు పట్టాడు.

కన్నం రొమ్ము కింద. కన్నం అంచున దారం ఒరిసి పడిన గాడి. ఒక చెంప మాత్రం నున్నగా...

"ఏటి తాతా, మెడ పట్టేసిందా?" సుజానా నవ్వింది. "అది నాణెం. ఆస్ట్రియా అనే దేశం రాణిదంట. పెద్ద సామ్రాజ్యమంట. ఇప్పుడు లేదు, ముక్కలైపోయిందంట. ఈ రకం శానా అరుదని మా సారు సెప్పారు. పట్నమోల్లు దీని ముందు నిలబడి సెల్ఫీలు దిగుతారు. నువ్వూ దిగుతావా?"

"ఎవులిచ్చినారు?"

"నాకేటి తెలుసు తాతా. సారు బీరువాలో ఎప్పటి నుంచి ఉందో. మొన్నే ఈ పెట్టె సేయించారు."

సుక్రు గాజు మీద వేలు పెట్టాడు. గాజు చల్లగా ఉంది. వేలిముద్ర పడింది.

"తాతా... తుడవాల మళ్లీ," అంది సుజానా.

బొంగులు అక్కడే దించేసి బయటికి వచ్చాడు. డబ్బులు అడగలేదు.

లోయంతా పసుపు. ముడి గుడ్డ రంగు.

*

ఇంటికి వచ్చి దూలం మీది నుంచి ముడి దించాడు. అరచేతిలో పెట్టుకున్నాడు.

లోపల ఏదో ఉంది. గుండ్రంగా ఉంది. బరువుగానే ఉంది. గుడ్డలోంచి చల్లదనం తెలుస్తోంది.

లోకంలో బిళ్ళలన్నీ గుండ్రంగానే ఉంటాయి. అన్నీ చల్లగానే ఉంటాయి.

గోరు ముడి మీదికి పోయింది. ముడి గట్టిగా ఉంది. పొగకి బిగిసింది. రెండు వేళ్లతో లాగితే వస్తుంది. రెండు వేళ్లు చాలు.

విప్పితే తనకి నిజం తెలుస్తుంది.

విప్పితే ఆమెకి ఇల్లు పోతుంది.

వేళ్లు ఆగిపోయాయి.

తాళం అక్కర్లేని పెట్టె ఇది. దొంగిలించినవాడికి తెలుసు తను తప్ప ఇంకెవరూ తెరవరని. కాపలా కాసేవాడికీ తెలుసు తను తెరవలేడని. అక్క పీనుగ ముందు కూర్చుని ఏడుస్తూ ఏడుస్తూ ఇంత లెక్క కట్టాడా ఆ గుంటడు? ఆ కన్నీళ్లు... వేడిగా ఉన్నాయే?

ముడి మళ్లీ దూలానికి కట్టాడు. కిందికి దిగాడు. కొండ కిందికి.

*

సోంబరు గెడ్డలో, పారే నీళ్లలో జీపు నిలబెట్టి కడుగుతున్నాడు. ఫోనులో పాట మోగుతోంది.

"బావా! ఏటిలగొచ్చినావు? కబురెడితే నానే వొద్దును కదా."

"బిళ్ళేటయ్యింది?"

"ఏ బిళ్ళ?"

"మీ అక్క మెడలోది."

"ముడిలో ఉంది. నీ దూలానికే ఏలాడతంది కదేటి."

"ఓటల్లో గాజు పెట్టెలో సూసినాను."

సోంబరు చేతిలో గుడ్డ ఆగింది. నీళ్లు కారుతున్నాయి. పాట మోగుతూనే ఉంది. వాడు పాట ఆపలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

నవ్వాడు.

"అనుమానముంటే ఇప్పి సూసుకో బావా. ఎవులొద్దన్నారు?"

సుక్రు వాణ్ణి కొట్టలేదు. చెయ్యి లేచింది, దిగింది. ఈ భుజం మీదే కదా వీణ్ణి మోసింది. ఈ వీపునే కదా కట్టుకున్నది.

"సంకనేసుకొత్తంటే దార్లోనే దించీమనాల్సింది నిన్ను. ఏ నక్కో తినీది."

వాడి నవ్వు పోయింది. పాట ఆపాడు. గెడ్డ చప్పుడు ఒక్కటే మిగిలింది.

"అక్కే ఇచ్చింది."

సుక్రు వినపడనట్టు చూశాడు.

"అక్కే ఇచ్చింది బావా. సెక్‌పోస్టు కాడ నన్ను గంజాయి మూటలతో పట్టుకున్నారు కదా, అప్పుడు. నువ్వేటన్నావు? జైల్లోనే కుళ్లిపోనీ, అన్నావు. నా గడప తొక్కకూడదు, అన్నావు. ప్లీడరుకి ఎవులిత్తారు? అక్క ఒక్కతే దిగినాది పట్నం. బిళ్ళ అమ్మినాది. నీకు పుట్టింటూర్లో జాతరని సెప్పినాది."

జాతర. సుక్రుకి గుర్తుంది. వెళ్లి వచ్చింది. జాతర నుంచి ఏమీ తేలేదు. ఖర్జూరం కూడా తేలేదు. అడగలేదు తను.

"నువ్వు కనిపెడతావని బయపడినాది. సంతలో రేకు బిళ్ళొకటి కొన్నాది, అదే సైజుది. దానికి కన్నం కూడా కిందనే ఏయించినాది. కావాలని. తలకిందులుగా ఏలాడాలని."

గెడ్డలో నీళ్లు రాళ్ల మీద నుంచి దూకుతున్నాయి.

"నువ్వు సూడవు బావా. అది అక్కకి తెలుసు. అయినా ఏయించినాది."

"పెమానం సెయ్యి."

"సేత్తాను."

"మీ అక్క మీద."

సోంబరు జీపు వైపు తిరిగాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"పోయినోల్ల మీద పెమానమేటి బావా..."

*

ఎత్తు ఎక్కుతున్నాడు సుక్రు. ఒక్కో రాయీ ఎక్కుతున్నాడు.

వాడు అబద్ధమాడితే... చచ్చిన అక్క మెడ దోచాడు. దోచి, ఆ నింద ఆమె మీదే వేశాడు.

వాడు నిజం చెబితే... చిన్నమ్మి తన పక్కన పడుకుంది, తనకి అంబలి పోసింది, తన పొలంలో కలుపు తీసింది. మెడలో రేకుతో. అబద్ధాన్ని మెడకి కట్టుకుని, పగలూ రాత్రీ, తన ముందే తిరిగింది.

మొదటిదైతే మోసం చేసింది ఒక్కడు.

రెండోదైతే ఇద్దరు.

చప్పుడు గుర్తు చేసుకున్నాడు. ఆ చప్పుడు తనకి తెలుసు కదా. ఇన్నేళ్లు మంచులో విన్నాడు కదా. గల్, గల్... ఎప్పుడైనా మారిందా? చివరి రోజుల్లో మందంగా ఉండేది, అవును. టక్... టక్... దగ్గుతో అడుగు తడబడుతోంది అనుకున్నాడు. ముసలిదైపోయింది అనుకున్నాడు.

అడుగే తడబడిందా?

వెండే మారిందా?

ఎంత తలచుకుంటే అంత కలిసిపోతున్నాయి రెండు చప్పుళ్లూ. పాతదాంట్లో కొత్తది. కొత్తదాంట్లో పాతది.

కిందనే కన్నం వేయించిందట. కావాలని. ఆ మాట రాయిలా దిగింది లోపల. దొంగతనం ఎవరైనా చేస్తారు. అంత శ్రద్ధ ఎవరు పెడతారు? తన కోసం ఆమె అంత శ్రద్ధగా చేసిన పని అదొక్కటేనా?

ఆ సాయంత్రం అంబలి కాచుకోలేదు. దూలం కేసి చూడలేదు.

*

పుష్యం వచ్చింది. ముహూర్తాలు పెట్టే దిసారి వచ్చి రోజు చెప్పాడు. గెడ్డ నుంచి రాయిని తాళ్లతో ఈడ్చుకొచ్చారు మగవాళ్లు. నిలువెత్తు రాయి. తోడికోడళ్లు పసుపు నూరారు. మేకని కట్టారు. డప్పులు కాచారు.

పొద్దున ఇంకా మంచు విడవలేదు. గుంట తవ్వి ఉంది. ఎర్రమట్టి, తడి మట్టి.

సోంబరు వచ్చాడు. తెల్ల చొక్కా, కళ్లద్దాలు లేవు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. తాగాడో, ఏడ్చాడో. గుంట పక్కన కూర్చున్నాడు. రెండు చేతులూ చాపాడు.

"ముడియ్యి బావా."

సుక్రు ముఖం చూడలేదు, ముడినే చూస్తున్నాడు. 

సుక్రు చేతిలో ముడి ఉంది. చుట్టూ గూడెం ఉంది. పిల్లలు తొంగి చూస్తున్నారు. ఇస్తే వాడు విప్పుతాడు. విప్పితే రేకు బయటపడుతుంది. రేకు బయటపడితే వాడు నోరు విప్పుతాడు. అక్కే ఇచ్చింది అంటాడు, అందరి ముందు, ఆమె గుంట పక్కన. ఆమె లేచి అవుననదు. కాదనదు. వాడి మాటే మిగులుతుంది.

దాని మీద రాయి నిలబడుతుంది. ఆమెకి ఇల్లు దొరుకుతుంది. వెళ్లిపోతుంది.

వెళ్లిపోతుంది... చెప్పకుండా.

జాతరకి వెళ్లినట్టు.

"బేగి కానీ సుక్రూ," అన్నాడు దిసారి. "పొద్దెక్కిపోతంది."

సుక్రు ముడిని మొలలో దోపుకున్నాడు.

"ఈ యేడు రాయి లేదు."

డప్పు వాయించేవాడి చెయ్యి గాల్లో ఆగింది.

"ఏటీ?" దిసారికి అర్థం కాలేదు. "పిచ్చేటి నీకు? రాయి నిలబెట్టకపోతే అదెక్కడుంటాది?"

"తిరగనీ."

"ఇంటి సుట్టూ తిరుగుతాది రా. సలిలో."

"తిరగనీ."

"ఎన్నాళ్లు?"

"వొచ్చి సెప్పిన్దాకా."

ఏం చెప్పాలో, ఎవరికి చెప్పాలో ఎవరికీ అర్థం కాలేదు. సోంబరు ఒక్కడికే అర్థమైంది. వాడు చాపిన చేతులు అలాగే ఉన్నాయి, ఖాళీగా. వాడి ముఖం ముడుచుకుపోయింది. ఏడుపో, ఊపిరి పీల్చుకోవడమో సుక్రుకి తెలియలేదు. తెలుసుకోవాలనీ లేదు.

పెద్ద తోడికోడలు పసుపు చేతులు దులుపుకుంది.

"బతికున్నన్నాళ్లు దాంతో రెండు మాటలాడ్నేదు. సచ్చినాక కబుర్లు గావాలంట ఈడికి!"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరో తిట్టారు. మేకని విప్పేశారు. అది తిన్నగా పోయి గుంట గట్టున మొలిచిన గడ్డి కొరికింది.

రాయి పక్కకి పడుకునే ఉంది.

*

ఇప్పుడు గూడెం సుక్రు ఇంటి మీదుగా నడవదు. చుట్టూ తిరిగి పోతుంది. పిల్లల్ని అటు పంపరు. పోయిన మనిషిని ఆపినవాడు, అంటారు. రాతి గుండెవాడు, అంటారు. అననీ.

సోంబరు రెండుసార్లు ఎత్తెక్కి వచ్చాడు. అరుగు కింద నిలబడ్డాడు. "బావా" అన్నాడు. సుక్రు చుట్ట కాల్చుకుంటూ కాఫీ చెట్లకేసి చూశాడు. వాడు నిలబడి నిలబడి దిగిపోయాడు. జీపు చప్పుడు లోయలోకి పోయింది.

తెల్లవారకముందే లేస్తాడు సుక్రు. అరుగు మీద కూర్చుంటాడు. అడగాల్సిన మాట ఒక్కటే. నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు. నువ్వేనా, అని. కొన్ని పొద్దుల్లో ఆ మాట కోపంగా ఉంటుంది. కొన్ని పొద్దుల్లో... కోపంగానే ఉంటుంది. క్షమించేది మాత్రం లేదు. ముందు చెప్పనీ. ఏ చప్పుడుతో వస్తుందో రానీ.

మిరియాల తీగల మీది నుంచి నీళ్లు రాలుతున్నాయి. ఊట వైపు నుంచి తెల్లగా లేచింది మంచు. కాఫీ చెట్లని మింగింది. దారిని మింగింది. పడుకున్న రాయిని మింగింది.

అరుగెక్కింది. సుక్రు మోకాళ్లు దాటింది. గడప దాటి పొయ్యి దాకా పోయింది.

సుక్రు తలుపు వెయ్యలేదు.

తన చెయ్యి తనకి కనపడటం లేదు.

కాఫీ చెట్లలో ఏదో కదిలినట్టుంది... ఆకు మీంచి ఆకు మీదికి జారిన నీటి చుక్కో...

చుట్ట ఆరిపోయింది. మళ్లీ వెలిగించలేదు. అగ్గిపుల్ల గీసిన చప్పుడుకి ఇంకో చప్పుడు వినపడదేమోనని.